మీది ఏ చర్చండీ?

ఇద్దరు తెలుగు క్రైస్తవులు కొత్తగా కలిస్తే "వందనాలండీ" తర్వాత వచ్చే మాట ఇదే. ఊరు అడిగినట్టు, ఇంటిపేరు అడిగినట్టు మామూలుగానే అడుగుతాం. కానీ జవాబు విన్నాక ఎదుటివారి ముఖంలో కనిపించే మార్పు నన్ను ఏళ్ళ తరబడి బాధపెడుతోంది. సీఎస్ఐ అంటే నామకార్థ క్రైస్తవులన్న చూపు. పెంతెకొస్తు అంటే కేకలు పెట్టేవాళ్ళన్న చూపు. కేథలిక్కులంటే వీళ్ళు అసలు వాక్యం చదువుతారా అన్న అనుమానం. బ్రదరెన్ అంటే తామొక్కరే పరిశుద్ధులమనుకుంటారన్న విసుగు. ఒకే రక్షకుడి పేరు మీద వందనం చెప్పుకున్నవాళ్ళం రెండో మాటకే పరాయివాళ్ళమైపోతాం.

అసలు ఈ చర్చి మనకెలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించామా? మా అమ్మవైపు వాళ్ళు గుంటూరు లూథరన్లు, నాన్నవైపు వాళ్ళు నల్లగొండ బాప్టిస్టులు. మా తాతముత్తాతల్లో ఎవరూ లూథర్ రాసిందీ కాల్విన్ రాసిందీ పక్కపక్కన పెట్టుకుని చదివి ఒక దారి ఎంచుకోలేదు. 1842లో ఫాదర్ హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ గుంటూరుకు వచ్చాడు కాబట్టి వీళ్ళు లూథరన్లయ్యారు. నల్లగొండ అమెరికన్ బాప్టిస్టుల కిందికి వచ్చింది కాబట్టి వాళ్ళు బాప్టిస్టులయ్యారు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ కోస్తా కెనడా బాప్టిస్టులది. మెదక్, కరీంనగర్ వెస్లియన్లవి. దోర్నకల్, ఖమ్మం ఆంగ్లికన్లవి. జమ్మలమడుగు లండన్ మిషన్ది, వికారాబాద్ అమెరికన్ మెథడిస్టులది. ఒకరు పనిచేసే చోటికి ఇంకొకరు వెళ్ళకూడదని మిషన్లు తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం ప్రకారం మన పల్లె ఏ గీతకు ఇవతల పడిందో, మన విశ్వాసానికి ఆ పేరు వచ్చింది. మనం ఎంచుకోనిదాన్ని చూసుకుని అంత అతిశయం ఎందుకు?

ఆ గీతలన్నీ హైదరాబాదుకు వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చదువుకోసం, ఉద్యోగం కోసం నాంపల్లి స్టేషన్లో రైలు దిగిన ప్రతివాడూ తన ఊరి చర్చిని వెంట తెచ్చుకున్నాడు. అందుకే అబిడ్స్, నాంపల్లి ఆదివారం పూట ఒక్కసారి నడిచి చూడవలసిన చోటు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తుంటారు, దుకాణాల షటర్లు ఇంకా దించే ఉంటాయి. చేతిలో బైబిలు, జడలో కనకాంబరాలతో కుటుంబాలు నాలుగు దిక్కులకూ పోతుంటాయి. సెయింట్ జార్జి చర్చిలో సీఎస్ఐ ఆరాధన. ఈ నగరంలోని పాత చర్చిల్లో అది ముందు వరుసలోది, ఒకప్పుడు ఇంగ్లీషు దొరలది. అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు, మౌల్వీ చిరాగ్ అలీ పేరు మోస్తున్న సందులో మెథడిస్టులు. నాంపల్లి వైపు చాపెల్ రోడ్డులో ఆ మెథడిస్టు మిషనే నిలబెట్టిన స్టాన్లీ బాలికల పాఠశాల 1895 నుంచి ఉంది. ఇటు గన్‌ఫౌండ్రీలో 1875 క్రిస్మస్‌కు తెరుచుకున్న సెయింట్ జోసఫ్ కేథడ్రల్, దాని జంట గోపురాలు. ఇక మేడ మీద హాళ్ళలో, స్కూలు గదుల్లో, సందు చివర రేకుల షెడ్లలో నడిచే స్వతంత్ర సంఘాలకు లెక్క లేదు. అన్నీ నడక దూరంలోనే. ఒక చర్చి గంట ఇంకో చర్చికి వినబడుతుంది. ఒక సంఘం కష్టం మాత్రం ఇంకో సంఘానికి వినబడదు.

ఇది ఇలాగే ఉండిపోవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఒకసారి తెలుగు నేల మీది నుంచే దీన్ని మార్చే పని మొదలైంది. ఆ కథ మన పిల్లలకు మనం చెప్పడం లేదు.

దోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఒక రైల్వే జంక్షన్. 1912లో అక్కడి బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి తమిళుడు. తెలుగువాళ్ళకు సేవ చేయడానికి వచ్చిన మనిషి. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన లేచి మాట్లాడినప్పుడు సభ ఇబ్బందిపడింది. మిషనరీల త్యాగాన్ని గౌరవించారు. ఆ తర్వాత, ఇచ్చేవాడు పైనా పుచ్చుకునేవాడు కిందా ఉండే ఆ సంబంధం చాలదనీ, మాకు స్నేహితులు కావాలనీ అడిగారు. ఇప్పటికీ తెలుగు సంఘాలకు వేయవలసిన ప్రశ్న అదే. మనం పక్క సంఘానికి స్నేహితులమా, లేక వాళ్ళను సరిదిద్దడానికి వచ్చిన పెద్దలమా?

1919 మే నెలలో తమిళనాట తరంగంబాడిలో ముప్ఫైమూడు మంది సంఘ సేవకులు కూర్చున్నారు. దాదాపు అందరూ భారతీయులే. అజరయ్య గారు అందులో ముఖ్యులు. పడమటి దేశాల్లో పుట్టిన తగాదాలను మన నెత్తిన మోయడం వల్ల మన సాక్ష్యం చెడుతోందని, దక్షిణ భారత సంఘాలు ఒకటి కావాలని వాళ్ళు ఒక ప్రకటన చేశారు. అది నెరవేరడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో ఆంగ్లికన్లు, వెస్లియన్ మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ కలిసిన ఐక్య సంఘంవారు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. సీఎస్ఐ అని మనం రోజూ అనే మూడక్షరాల వెనక ఉన్నది ఇంతటి పని. బిషప్పుల పరంపర ఉన్న సంఘం, ఆ పరంపర లేని సంఘాలతో కలిసి ఒకే సంఘం కావడం ప్రపంచంలో అదే మొదలని చరిత్రకారులు చెబుతారు.

అన్నేళ్ళు ఎందుకు పట్టిందో తెలుసుకోవాలి. దేవుడు, సిలువ, పునరుత్థానం మీద పేచీ లేదు. పేచీ అంతా ఎవరి చేతులు ఎవరి తల మీద పడ్డాయన్న దాని మీద. బిషప్పు చేతులుంచి అభిషేకిస్తేనే ఆ అయ్యగారి సేవ సరైన సేవ అని ఆంగ్లికన్ల పట్టు. బిషప్పు అంటేనే కాంగ్రిగేషనలిస్టులకు జంకు, వాళ్ళు సంఘం పిలుపే చాలన్నవాళ్ళు. బిషప్పు చేత మళ్ళీ చేతులుంచుకోమంటే ముప్ఫై ఏళ్ళు సేవ చేసి తలనెరిసిన వెస్లియన్ పాస్టరుగారు ఏమనుకుంటారు? ఇన్నాళ్ళూ నేనిచ్చిన బాప్తిస్మాలు, పంచిన రొట్టె, ద్రాక్షారసం చెల్లనివా అనుకోరా?

చివరికి దొరికిన దారిలో ఎవరికి వారు తమకు ప్రియమైనదాన్ని వదులుకున్నారు. బిషప్పులు వద్దన్నవారు బిషప్పులను ఒప్పుకున్నారు. అయితే ఆ బిషప్పులు ఎన్నికైనవారై, సంఘ నియమాలకు లోబడి ఉండాలి. బిషప్పు చేతులు తప్పనిసరి అన్నవారు, అప్పటికే సేవలో ఉన్న పాస్టర్లెవరికీ మళ్ళీ అభిషేకం అక్కర్లేదని ఒప్పుకున్నారు. అంటే నీ సేవ చెల్లదు అన్న మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నా మటుకు నాకు తగ్గింపు అన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన సంఘ చరిత్రలో దొరకలేదు. ప్రార్థనలో "అయోగ్యుణ్ణి తండ్రీ" అనడం సులువు. చేతిలో ఉన్న హక్కును, అదీ న్యాయమని నమ్మిన హక్కును, పక్కవాడి పరువు కోసం వదలడం కష్టం. ఐక్యత కావాలంటే వదలవలసిందే. ఇంకో దారి లేదని నేను నమ్ముతున్నాను.

అజరయ్య గారు ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న, ఐక్యతకు రెండేళ్ళ తొమ్మిది నెలల ముందు, దోర్నకల్‌లో కన్నుమూశారు. ఆ పని తన జీవితకాలంలో, తన పేరు మీద ముగియాలన్న పట్టు ఆయన మొదటినుంచీ పెట్టుకున్నట్టు కనబడదు.

అంతా ఒక్కసారిగా కలిసిపోయిందని చెప్పను. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది 1947లో చేరలేదు. తమ పరంపర చెడుతుందని భయపడ్డారు. ఒకే ఊళ్ళో, ఒకే కుటుంబంలో రెండు పక్షాలై ఎంతో బాధపడ్డారు. వాళ్ళు కలవడానికి 1975 దాకా పట్టింది. అమెరికన్ మెథడిస్టులు అసలు చేరనే లేదు, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమయ్యారు. అందుకే మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ బిడ్డలు ఈ నగరంలో ఇవాళ్టికీ రెండు ఇళ్ళలో ఉన్నారు. మెదక్ వెస్లియన్లు సీఎస్ఐలో, చిరాగ్ అలీ లేన్ మెథడిస్టులు వేరుగా. అయినా జరిగినది చిన్నది కాదు. ఇంగ్లీషు అధికారులు మోకరించిన సెయింట్ జార్జి చర్చి ఇవాళ మెదక్ డయాసిస్‌లో ఉంది. కరువు రోజుల్లో కూలికి వచ్చిన పేదలు రాళ్ళెత్తిన గుడి, 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ కేథడ్రల్, ఆ డయాసిస్‌కు తల్లి. ఆ పల్లెల్లో మొదట నమ్మినవాళ్ళు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు. దొరల చర్చి ఆ మొదటి విశ్వాసుల మనవల చేతికి వచ్చింది, వాళ్ళతో సమానంగా ఒకే బల్ల దగ్గర నిలబడింది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్ కూడా ఆయనే. గన్‌ఫౌండ్రీ కేథడ్రల్ ఆయన పీఠం. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకుంటే నా గుండె నిండుతుంది. అదే సమయంలో, పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి "మనవాళ్ళేనా" అని గుసగుసగా అడిగే క్రైస్తవ ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. చర్చి పేరుకంటే లోతైన కులపు చీలిక అది. దాన్ని దాచిపెట్టి ఐక్యత గురించి ఎన్ని సభలు పెట్టినా లాభం లేదు.

కమిటీలు కలపలేకపోయిన మనల్ని పాట కలిపింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం లూథరన్ చర్చిలోనూ అదే, బాప్టిస్టు చర్చిలోనూ అదే, సీఎస్ఐలోనూ మెథడిస్టుల్లోనూ అదే. ప్రసంగ వేదిక పక్కన నల్ల చెక్క బోర్డు ఉంటుంది, దాని గాళ్ళలో ఆ రోజు పాడే కీర్తనల అంకెలు దూర్చిపెడతారు. మా అమ్మ గుంటూరు నుంచి హైదరాబాదుకు కొత్తగా వచ్చిన రోజుల్లో సీఎస్ఐ ఆరాధన క్రమం ఆమెకు కొత్త. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో తెలిసేది కాదు. ఆ బోర్డు మీద అంకె చూడగానే ఆమె ముఖం తేటపడేది. పుస్తకం తెరవకుండానే పాడేది. అందులో పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎన్నో ఉన్నాయి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1890 దాకా బతికి, క్రీస్తును తెలుగు రాగాల్లో పాడిన మహానుభావుడు ఆయన. ఆ కీర్తన ఏ మిషన్ వాడు రాశాడని ఏ లూథరనూ అడగలేదు. ఎవరి పేరూ అడగకుండా నోరారా పాడుకున్నాం.

అదే మనం వేదిక ఎక్కేసరికి మారిపోతాం. కొన్నేళ్ళ కిందట నాంపల్లిలో ఒక హాల్లో ఐక్య క్రిస్మస్ పెట్టారు. పది, పన్నెండు సంఘాలు కలిశాయి. సాయంత్రం ఆరింటికి మొదలు కావలసిన ఆరాధన ఎనిమిది దగ్గర పడుతున్నా మొదలు కాలేదు. ఫ్లెక్సీలో ఒక దైవజనుడి ఫొటో చిన్నగా పడిందట, ఇంకొకరి కుర్చీ రెండో వరుసలో వేశారట. గొర్రెల కాపరుల వేషాలు కట్టిన పిల్లలు తెర పక్కన నిలబడి నిలబడి నేలమీద చతికిలపడ్డారు. దేవదూత వేషం వేసిన ఒక పిల్ల రెక్కలతోనే నిద్రపోయింది. జనంలో నా పక్కనే ఒక రిటైరైన సీఎస్ఐ అయ్యగారు కూర్చుని ఉన్నారు. బైబిలుకు ఖాకీ కాగితం అట్ట, మోకాళ్ళ మీద మడిచిన శాలువా. ఎవరో గుర్తుపట్టి పైకి రమ్మని పరుగున వచ్చారు. ఆయన లేవలేదు. "నేనిక్కడే ఉంటాను గానీ, బాబూ, ముందు ఆ పిల్లల పాట కానివ్వండి. వాళ్ళు ఆకలితో ఉన్నారు," అన్నారు. ఆ మాట వేదిక దాకా వెళ్ళింది. పిల్లల పాటతోనే ఆరాధన మొదలైంది. ఆ రాత్రి ఇచ్చిన ప్రసంగాల్లో ఒక్కటీ నాకు గుర్తు లేదు.

తగ్గింపు గురించి పౌలు బాగా రాసిన ఉత్తరం ఫిలిప్పీయులకు రాసినది. క్రీస్తు దేవునితో తనకున్న సమానత్వాన్ని పట్టుకుని కూర్చోక, దాసుడై సిలువ దాకా దిగివచ్చాడని రెండో అధ్యాయంలో చెబుతాడు. దాన్ని మనం మహా సిద్ధాంతంగా చదువుతాం, మంచిదే. కానీ ఆ ఉత్తరం చివర్లో ఇద్దరు స్త్రీల పేర్లు ఉన్నాయి, యువొదియ, సుంటుకే. ఇద్దరూ సువార్త పనిలో ప్రయాసపడినవాళ్ళే, ఇద్దరికీ పడలేదు. ఏకమనసుతో ఉండమని పౌలు వాళ్ళిద్దర్నీ విడివిడిగా బతిమాలతాడు. ఎవరిది తప్పో చెప్పడు. ఆ మహా సిద్ధాంతమంతా ఈ ఇద్దరు ఆడపడుచులు మళ్ళీ మాట్లాడుకోవడానికే రాశాడేమో అని నాకు అనిపిస్తుంది.

తగ్గడమంటే ఇవ్వడం ఒక్కటే అనుకోకూడదు, పుచ్చుకోవడం కూడా. పవిత్ర గురువారంనాడు కేథలిక్ గుడుల్లో గురువులు విశ్వాసుల కాళ్ళు కడుగుతారు. సిలువకు ముందు రాత్రి యేసు శిష్యుల కాళ్ళు కడగడానికి వంగినప్పుడు పేతురు వద్దన్నాడు. కడగడం కంటే కడిగించుకోవడం అతనికి కష్టమైంది. మన సంఘాల మధ్య కూడా అంతే. పక్క సంఘానికి దుప్పట్లు పంచమంటే పంచుతాం. వాళ్ళ దగ్గర ఏదైనా నేర్చుకోమంటే ప్రాణం మీదికి వస్తుంది. పెంతెకొస్తు సహోదరుల ఉపవాస ప్రార్థన దగ్గర సీఎస్ఐవాళ్ళు నేర్చుకోవలసింది ఎంతో ఉంది. కేథలిక్కుల మౌన ధ్యానం దగ్గర పెంతెకొస్తువాళ్ళు నేర్చుకోవలసింది ఉంది. 1964లో రెండో వాటికన్ మహాసభ, క్రైస్తవుల చీలికలో తప్పు రెండు వైపులా ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. అంత పాత, అంత పెద్ద సంఘం ఆ మాట అనగలిగింది. ఇరవై కుటుంబాలున్న మన సంఘం అనలేకపోతోంది.

భక్తసింగ్ గారి పేరు చెప్పకుండా హైదరాబాదులో ఈ సంగతి ముగించలేం. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, కెనడాలో చదువుకుంటూ క్రీస్తును తెలుసుకుని, 1950 నుంచి ఈ నగరంలో హెబ్రోను అనే ప్రార్థనా మందిరం కేంద్రంగా సేవ చేశారు. ఆ కూడికల్లో ప్రేమవిందు ఉంటుంది. చాప మీద బారుగా కూర్చుంటారు. ఆఫీసరు పక్కన రిక్షా తొక్కేవాడు, వాళ్ళ పక్కన ఎక్కణ్ణుంచో వచ్చిన విదేశీ విశ్వాసి, అందరికీ అదే అన్నం, అదే పప్పు. కులాన్ని తిడుతూ చేసిన వెయ్యి ప్రసంగాలు చేయలేని పని ఆ చాప చేసింది. ఏ డినామినేషన్ పేరూ వద్దని మొదలైన ఆ సహవాసం కూడా జనం దృష్టిలో ఇంకో డినామినేషన్ అయిపోయింది, ఆయన తర్వాత అందులోనూ తగవులు వచ్చాయి. పేరు తీసేసినంత మాత్రాన అహం పోదని దాన్ని చూసి గ్రహించాను. 2000 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు మాత్రం అన్ని సంఘాలవాళ్ళూ నారాయణగూడ సమాధుల దాకా నడిచారు.

సమాధుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పక తప్పదు. మాకు తెలిసిన ఒక పెద్దాయన ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక చిన్న స్వతంత్ర సంఘానికి వెళ్ళేవారు. చిట్టీలు కట్టి పిల్లల్ని చదివించిన మనిషి. ఆయన పోయిన రోజు కుటుంబం సమాధి స్థలం కోసం తిరిగింది. వెళ్ళిన చోటల్లా ఒకటే మాట: మీ పాస్టరు ఎవరు, మా సంఘంలో మెంబర్‌షిప్ ఉందా, చందా రశీదులు ఉన్నాయా? స్థలం తక్కువన్నది నిజమే, ఈ నగరంలో అందరికీ తెలిసిన కష్టమే. కానీ శవం ఫ్రీజర్ బాక్సులో ఉండగా పెద్దకొడుకు రశీదుల కోసం బీరువా వెతకడం నేను చూశాను. సాయంత్రానికి ఆశ వదులుకుని, అద్దె వ్యాన్లో ఆయన్ను సొంత ఊరికి తీసుకెళ్ళారు. పుట్టిన ఊళ్ళో ఆయన కులంవాళ్ళు పొలం గట్టున జాగా ఇచ్చారు. నగరంలో ఇన్ని వేలమంది క్రైస్తవులం ఇవ్వలేకపోయాం.

కొరింథులో విశ్వాసులు ఒకరి మీద ఒకరు న్యాయస్థానానికి వెళ్ళినప్పుడు, అన్యాయం సహించడం మేలు కదా అని పౌలు అడిగాడు. ఆస్తుల కోసం, పదవుల కోసం, ఎన్నికల లెక్కింపు కోసం కోర్టు మెట్లెక్కే సంఘాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. విధవరాండ్రు వేసిన కానుకలు వకీళ్ళ ఫీజులుగా పోతున్నాయి. ఇది పాపం. దీనికి మెత్తని పేరు పెట్టకూడదు.

క్రైస్తవ ఐక్యత కోసం ప్రపంచంలో చాలాచోట్ల ప్రార్థించే వారం జనవరి 18 నుంచి 25 వరకు. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడిచే రోజులవి, ఊరంతా ఇటే వస్తుంది. ఆ వారంలో మీది కాని చర్చికి ఒక్కసారి వెళ్ళండి. వెనక బల్ల మీద కూర్చోండి, వాళ్ళ పాట పాడండి, అయ్యాక ఆ పాస్టరుగారి చేయి పట్టుకుని మీ కోసం ప్రార్థన చేయమని అడగండి. పాస్టర్లు ఆ నెలలో ఒక్క ఆదివారమైనా తమ వేదికను పక్క సంఘపు పాస్టరుకు ఇవ్వాలి. ఇక సమాధుల తోటల తాళాలు చేతిలో ఉన్న కమిటీ పెద్దలకు నా ప్రార్థన ఇది. స్థలం తక్కువైతే అందరూ కలిసి ప్రభుత్వాన్ని అడుగుదాం, నేనూ సంతకం పెడతాను, వెంట తిరుగుతాను. అప్పటిదాకా క్రీస్తును నమ్మి పోయిన మనిషిని రశీదు అడగొద్దు. వచ్చే కమిటీ సమావేశంలోనే ఆ తీర్మానం చేయండి.